ఇంటిముంగిట విమానము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఇంటిని ఆనుకొని విమానశాలయు, వీధి చివర విమానము పరుగెత్తి లేచు బాటయు గల ఊళ్లు ఆరువందలకు పైగా నున్నవని చెప్పినచో మన పాఠకులలో పలువురు దానిని కోటీశ్వరుల వినోదముగా నెంచి నవ్వి ఊరకుందురు. కొంతవరకు అది వినోదమే యనుటలో సందేహము లేదు. కాని ఈ ఊళ్లు పుట్టిన విధమును, వానిని గూర్చి ఆ దేశపు న్యాయస్థానములలోను, కాంగ్రెసులోను జరిగిన వాదములను పరిశీలించినచో, భూమి నాదైనప్పుడు దానిపై ఆకాశమెవరిది, పదిమంది సొమ్ముతో వేసిన బాటలోనికి ఒకని పెరటినుండి తలుపు తెరచుటకు హక్కు గలదా యను ప్రశ్నలు కానవచ్చును. ఇవి పొలముగట్టు తగవు ఎరిగిన వారికెవరికిని క్రొత్తవి కావు. కావుననే ఈ విషయమును మన పాఠకుల యెదుట నుంచుచున్నాము.

కాలిఫోర్నియా రాష్ట్రమున శాక్రమెంటో నగరమునకు తూర్పున కామెరాన్ పార్కు అను ఊరు గలదు. అచ్చట విమానము దిగు రన్వే వెడల్పు ఏబది అడుగులు; దానిప్రక్కనున్న నివాసపు వీధుల వెడల్పు నూరడుగులు. వీధి రన్వేకంటె రెండింతలు వెడల్పుగా నుండుట వింతగా తోచవచ్చును. దిగిన విమానము రెక్కలు చాచుకొనియే ఆ వీధిలో నడచి ఇల్లు చేరవలెను గనుక ఆ వెడల్పు తప్పదు. వీధిపేర్లు తెలుపు పలకలును, తపాలాపెట్టెలును రెక్కలకు తగులకుండుటకై నేలకు చేరువగా నాటబడినవి. ఎదురుపడినచో కారు ఆగవలెను, విమానము పోవలెను. మన పల్లెలలో వసారాప్రక్క బండిని నిలిపినట్లు వారు ఇంటిప్రక్క శాలలో విమానమును నిలుపుకొందురు, అంతే తేడా.

ఫ్లారిడా రాష్ట్రమున డేటోనా బీచి దాపుననున్న స్ప్రూస్ క్రీకు ఇట్టివానిలో మిక్కిలి పెద్దదిగా ప్రసిద్ధి కెక్కినది. 4,000 అడుగుల రన్వే చుట్టును సుమారు 1,300 ఇండ్లును, 700 విమానశాలలును గలవు. రెండవ ప్రపంచయుద్ధకాలమున నౌకాదళమువారు తమ విమానచోదకుల శిక్షణకొరకు వేసిన క్షేత్రమది. యుద్ధము ముగిసి సైనికులు వెడలిపోయిన పిదప మిగిలిన తారునేలచుట్టు క్రమముగా ఊరు పెరిగినది.

ఇట్టి ఏర్పాటునకు భూమి యెంత కావలెనని మన రైతులు అడుగకమానరు. చిన్న విమానమునకు పచ్చికనేలయే చాలును. 2,000 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల నేల లెక్కకు నాలుగున్నర ఎకరములకు కొంచెము హెచ్చగును. గోదావరి డెల్టాలోని చిన్నరైతునకు అది సర్వస్వము. కాన్సాసు రాష్ట్రపు రైతునకు పొలముగట్టు. అయితే పొడవొక్కటియే చాలదు. గాలి యే దిక్కునుండి హెచ్చుగా వీచునో ఆ దిక్కునకే బాట సాగవలెను. చివరలందు చెట్లుగాని తీగెలుగాని అడ్డుండరాదు. తన నేలలో తాను బాట వేసికొనువాడును ముందుగా ఫెడరల్ విమానయానశాఖకు తెలియజేయవలెను. ఆ శాఖ చూచునది ఆకాశమును. నేలసంగతి కౌంటీవారు చూచుకొందురు. ఈ విధముగా ఆ దేశమున హెలికాప్టరు స్థలములతో కూడ విమానములు దిగుచోట్లు సుమారు 20,000 ఏర్పడినవి. వానిలో సర్వజనులకును తెరచియున్నవి సుమారు 5,000 మాత్రమే. మిగిలినవన్నియు ఎవరో ఒకరి సొంతములు.

ఇంతగా ఇది వ్యాపించుటకు మూలము 1946వ సంవత్సరమున గలదు. 1939లో ఆ దేశమందలి విమానచోదకులు సుమారు 34,000 మంది. యుద్ధము ముగిసి 1946 వచ్చునప్పటికి వారు నాలుగు లక్షలకు మించిరి. 1944 నాటి శాసనము ననుసరించి, తిరిగివచ్చిన సైనికుడు ప్రభుత్వవ్యయముతో చదువుకొనవచ్చును. విమానము నడపుటయు నేర్చుకొనవచ్చును. ఇక ప్రతి సంసారికిని కారువలె విమానమొకటి యుండునని ఆ దినములలో పెద్దలే నమ్మిరి. న్యూయార్కు నగరమున మేసీసువారి అంగడిలో బట్టలును, కుర్చీలును అమ్ముచోటనే ఎర్‌కూప్ అను రెండు కుర్చీల విమానమును నిలిపి అమ్మకమునకు పెట్టిరి. ఆ యొక్క సంవత్సరముననే సుమారు 35,000 చిన్న విమానములు తయారైనవి. విమానాశ్రయముల నిర్మాణమునకు కేంద్రధనము నిచ్చు శాసనముపై అధ్యక్షుడు ట్రూమను 1946 మే నెలలో సంతకము చేసెను. ఫ్రెస్నో నగరమున సియెర్రా స్కై పార్కు అను పేరుతో, ఇండ్లును రన్వేయును కలిపి పథకము వేసిన తొలి ఊరు ఆ యేడే వెలసినది.

ఆశ నిలువలేదు. మరుసటి సంవత్సరము విమానముల ఉత్పత్తి సగమునకు లోపుగా పడిపోయెను. యువసైనికునకు పెండ్లియాడి, ఇల్లు కొని, బిడ్డలను పెంచుటకే జీతము సరిపోయినది. మబ్బు క్రమ్మినచో విమానము ఇంటనే యుండవలెను. కారు వానలోను పోవును. 1956లో జాతీయ రహదారుల నిర్మాణమునకై చేసిన శాసనముతో ఆ వాదము ముగిసినదనియే చెప్పవచ్చును. దేశమంతయు కారుల పక్షము వహించినది. ఇంటిముంగిట విమానమను ఆశయము ఈ కొద్ది ఊళ్లలో మాత్రము మిగిలినది.

ఇచ్చట నివసించువారందరు కుబేరులని భావించుట పొరపాటు. కుబేరులును గలరు. ఫ్లారిడాలోనే జంబోలేరు అనుచోట, వ్యాయామయంత్రములు నిర్మించి ధనికుడైన ఆర్థర్ జోన్సు 7,500 అడుగులకు పైబడిన రన్వేను తన నేలలో వేయించెను. 1984లో ఆఫ్రికానుండి అరువదిమూడు ఏనుగుపిల్లలను జంబోజెట్టులో తెప్పించిన విచిత్రపురుషుడీతడే. పిమ్మట సినిమానటుడు జాన్ ట్రవోల్టా ఆ రన్వేప్రక్క ఇల్లు కట్టించుకొని, పూర్వము ఆస్ట్రేలియావారి క్వాంటాసు కంపెనీలో తిరిగిన బోయింగు 707 విమానమును గుమ్మమునకెదుట నిలుపుకొనెను. 2017లో దానిని ఆస్ట్రేలియాలోని విమానచరిత్రసంఘమునకు దానమిచ్చుచున్నట్లు ప్రకటించెను. పత్రికలలో బొమ్మలు పడునవి ఇట్టి ఇండ్లే. కాని మిగిలిన ఊళ్లలో పింఛను పుచ్చుకొను విమానచోదకులు, వైద్యులు, యంత్రపుపనివారు, చిన్న వర్తకులు సాధారణముగా కనిపింతురు. వారి విమానములు పెక్కు వారి పిల్లలకంటె వయస్సున పెద్దవి. దానికిని కారణము గలదు. ప్రమాదములపై నష్టపరిహారపు వ్యాజ్యములు హెచ్చి, ప్రసిద్ధులైన సెస్నా కంపెనీవారే 1986లో చిన్న పిస్టను విమానముల తయారు మానుకొనిరి. పదునెనిమిది సంవత్సరములు దాటిన విమానమునకు నిర్మాత బాధ్యుడు కాడని 1994లో శాసనము వచ్చిన పిదపనే, 1996లో తిరిగి ప్రారంభించిరి. ఆ నడుమ కొనగోరినవాడు పాతదానినే బాగుచేసికొనవలసి వచ్చెను. కావున ఈ ఊళ్లలో విమానశాల ఆడంబరమునకు కాక, సుత్తియు, నూనెడబ్బాయు గల పనిచోటుగా తఱచు నుండును.

ఈ ఊళ్ల పరిపాలన మనకు మిక్కిలి పరిచితమైనదానివలె నున్నది. రన్వే వారికి ఊరిచెరువు. మన పూర్వులు చెరువుక్రింది ఆయకట్టుదారులందరు కలిసి కుడిమరామత్తు చేసికొనినట్లే, ఇండ్లవారందరు సంఘముగా నేర్పడి యేటేట చందా వేసికొని, తారు పగుళ్లు పూడ్చుట, గడ్డి కోయుట, దీపములు వెలిగించుట, భీమా కట్టుట మున్నగు పనులు జరుపుకొందురు. చెరువునకు తూములెట్లో దీనికి నడకబాటలట్లు. చెరువులోనికి గట్టు జరిపి దున్నుకొనువాడు ప్రతి ఊర ఒకడుండును. రన్వే చివర చెట్టు పెంచి నరుకనని భీష్మించువాడు ఆ ఊళ్లలోను ఒకడుండును. రాత్రివేళ విమానములు దిగవచ్చునా, ఆదివారమున ఎన్నిమారులు లేవవచ్చును, మితిమించి ధ్వనిచేయు జెట్టును రానీయవచ్చునా యను విషయములపై సంఘసభలు తెల్లవారువరకు సాగినను మనకు వింత గాదు. పదిమంది కట్టుబాటున నడుచు ఈ పద్ధతియందు మాకు గౌరవము గలదు. తమ సొమ్ముతో తమ బాటను తాము కాపాడుకొనువారిని చూచి అసూయపడవలసిన పని లేదు.

అయితే కొనువాడు తెలిసికొనవలసిన చిక్కొకటి ఇందున్నది. కొన్ని ఊళ్లలో రన్వే ఇండ్లవారందరికిని ఉమ్మడి ఆస్తి. మరికొన్నిచోట్ల అది సంఘముపేర నుండును. ఇంకను కొన్నిచోట్ల నేలను కొని ప్లాట్లుగా అమ్మిన వర్తకుడే రన్వేను తనయొద్ద నుంచుకొని, ఇండ్లవారికి రాకపోకల అనుమతి మాత్రమే ఇచ్చును. దస్తావేజులో ఈజుమెంటు హక్కు స్పష్టముగా వ్రాసికొననివానికి, వర్తకుడు చనిపోయిననాడో, దివాలా తీసిననాడో, ఆ నేలను వేరొకని కమ్మిననాడో తెలియును తాను కొనిన దేమో. రెక్కలు గల బండి శాలలో నుండును. దానికి దారి యుండదు. నలువదడుగుల తలుపు గల విమానశాలను మరియే పనికి వాడుకొనవలెను? బోదెనీటి హక్కు వ్రాయించుకొనక పల్లపు పొలము కొనినవాని గతియు ఇంతే గదా.

ఇక ఆకాశమునుగూర్చిన వివాదము. నేల యెవరిదో దానిపై స్వర్గమువరకు, క్రింద పాతాళమువరకు వానిదే యని ఆంగ్లేయ న్యాయశాస్త్రమున పురాతన సూత్రము గలదు. దీనిని పరీక్షకు పెట్టినవాడు ఉత్తర కరోలినా రాష్ట్రమున గ్రీన్స్‌బరో దాపున కోళ్లను పెంచుకొను కాస్బీ అను చిన్న కమతదారు. అతని కమతము మూడెకరములకు లోపు. ఆ దాపుననున్న పురపాలకసంఘపు విమానాశ్రయమును యుద్ధకాలమున కేంద్రప్రభుత్వము కౌలునకు పుచ్చుకొనగా, బాంబుల విమానములు అతని ఇంటికప్పుపై అరువదియేడు అడుగుల యెత్తున దిగసాగినవి. రాత్రులు ఇల్లు పట్టపగలువలె వెలిగిపోవుచుండెను. కోళ్లు బెదరి గోడలకు కొట్టుకొని సుమారు నూటయేబది చచ్చినవి. అతని జీవనోపాధియే పోయినది.

1946 మే 27వ తేదీన అమెరికా సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పు రెండువైపుల పదును గలది. నేటి ప్రపంచమున ఆ పురాతన సూత్రమునకు తావు లేదనియు, పై యాకాశము సర్వజనుల రహదారి యనియు, లేనిచో ఖండము దాటు ప్రతి విమానమును అడుగడుగున వ్యాజ్యమున జిక్కుననియు న్యాయాధిపతి డగ్లసు తీర్మానించెను. కాని భూమిని అనుభవించుటకు అవసరమైనంత యెత్తువరకు ఆకాశమును భూస్వామిదే; అంత దిగువగా, అంత తఱచుగా ఎగిరి అనుభవమును చెరచినచో ప్రభుత్వము ఆ భూమిని పుచ్చుకొనినట్లే; పుచ్చుకొనినదానికి వెల చెల్లింపవలెను. కోళ్లు పెంచుకొనువాడు కేంద్రప్రభుత్వముపై గెలిచెను. మన దేశమున బ్రిటిషువారు 1934లో చేసి, 2024 చివరవరకు అమలుననున్న విమానశాసనము ఈ విషయమున భూస్వామికి ఇంత దయ చూపలేదు. న్యాయమైన యెత్తున, నిబంధనలకు లోబడి యెగిరిన విమానముపై, ఎగిరినదను కారణమొక్కటితో అక్రమప్రవేశపు దావాగాని, ఉపద్రవపు దావాగాని చెల్లదని అది స్పష్టముగా చెప్పెను.

సొంతనేలలో సొంతబాట వేసికొనువాని సంగతి ఇంతటితో సరి. అసలు చిక్కు బహిరంగ విమానాశ్రయము ప్రక్కనే ఇల్లు కట్టి, కంచెకు గేటు పెట్టించుకొని, తన విమానమును నేరుగా ఆ రన్వేమీదికి నడిపించుకొనువానియెడ పుట్టుచున్నది. ఆరెగాన్ రాష్ట్రమున ఇండిపెండెన్సు అను పట్టణమున రన్వే రాష్ట్రప్రభుత్వముది, దానిని ఆనుకొనిన ఇండ్లు గృహస్థులవి, నడుమ నడకబాట. ఇట్టివి ఆ దేశమున మరికొన్ని గలవు.

ఈ బహిరంగ రన్వేలకు డబ్బెవ్వరిది? 1970లో ఆ దేశమున విమానాశ్రయముల నిధి యొకటి స్థాపింపబడినది. దేశములోపల ప్రయాణించువాని టికెట్టుపై నూటికి ఏడున్నర వంతున విధించు పన్ను అందులోనికి పోవును. ఆ దేశమునకు వచ్చుచు పోవుచునుండు విదేశయాత్రికులనుండి తలకింతయని వసూలుచేయు రుసుమును అందులోనిదే. ఆ నిధినుండి చిన్న విమానాశ్రయముల పనులకు నూటికి తొంబదివంతువరకు సాయము లభించును. ఇంధనముపై పన్ను చిన్నవిమానముల వారును కట్టుదురు గాని, నిధిలో సింహభాగము టికెట్టు కొనినవానిదే. డల్లాసునుండి శాన్ హోసేకు ఉద్యోగకార్యమై పోవు తెలుగు యువకుడును, కుమార్తె పురిటికి హైదరాబాదునుండి ఆ దేశమునకు పోవు తల్లియు తెలియకయే ఆ రన్వేలకు చందాదారులు. ఆ తల్లికి రన్వే అంచున పెరటిగేటు లేదు. గంటలతరబడి వరుసలో నిలుచుట మాత్రము గలదు.

ఈ గేట్లు సమంజసము గావని ఫెడరల్ విమానయానశాఖ కొంతకాలమునకు గ్రహించినది. ఇంటివారు ముందు గేటు కోరుదురు. పిదప ధ్వని హెచ్చినదని ఫిర్యాదు చేయుదురు. రన్వే పొడిగింపవలసిననాడు వారి ఇండ్లు అడ్డుపడును. ప్రజాధనముతో వేసిన బాటనుండి వారి ఇంటివిలువ పెరుగును. ఇవి శాఖవారి వాదములు. 2011లో క్రొత్త గేట్లను నిషేధించుచు శాఖ నిబంధన తెచ్చినది. విమానముల యజమానులు ఊరకుండలేదు. తాము రేయింబవళ్లు అచ్చటనే యుండుటచేత దొంగలభయము తగ్గుననియు, ఆదాయము లేక మూతబడబోవు పల్లె విమానాశ్రయములకు తమ రుసుమే ఆధారమనియు వారు కాంగ్రెసులో వాదించిరి. ఆ వాదమున సత్యము లేకపోలేదు. 2012 నాటి శాసనమున కాంగ్రెసు మధ్యమార్గము తొక్కినది. చిన్న విమానాశ్రయములందు గేటు ఉండవచ్చును, కాని లోపల స్థలము పుచ్చుకొనినవాడు చెల్లించునంతటి రుసుము గేటువాడును చెల్లింపవలెను, గేటుకును, నడకబాటకును అగు వ్యయము వాడే భరింపవలెను, ఆ ఇంటినుండి విమానవ్యాపారము చేయరాదు, ఇతరులకు ఇంధనమమ్మరాదు.

ఈ ఏర్పాటు న్యాయమైనదే యని మా అభిప్రాయము, అమలు జరిగినప్పుడు. కాని రుసుమును నిర్ణయించునది స్థానిక విమానాశ్రయాధికారవర్గము. గేటుగల గృహస్థులు ఊరిలో పలుకుబడి గలవారు. లోపలి కౌలుదారుని రుసుము పెరిగినప్పుడు గేటు రుసుమును పెరిగినదా యని అడుగువాడెవ్వడు? టికెట్టు కొనినవాడు ఆ ఊరి పేరైన వినియుండడు. కాలువనుండి అనుమతితో తూము పెట్టించుకొని, తరువాత తూమును వెడల్పు చేసికొని, సిస్తు మాత్రము పాతదే కట్టుచు వచ్చిన మోతుబరులను మన లస్కరులు ఎరుగుదురు. శాసనము వ్రాసినంతమాత్రమున తూము కురుచగాదు.

మరియొక తగవు పొగనుగూర్చి. చిన్న విమానములలో పెక్కింటికి నేటికిని సీసము కలిపిన పెట్రోలే ఆహారము. కారు పెట్రోలులో సీసమును అమెరికా 1996లోను, మన దేశము 2000లోను నిషేధించినవి. విమానపు పెట్రోలు మాత్రము తప్పించుకొనినది. ఒక గ్యాలనునకు రెండు గ్రాములదాక సీసము అందులో నుండవచ్చును. శాన్ హోసే నగరపు తూర్పుభాగమున, కష్టజీవులు నివసించు పేటల నడుమ, రీడ్ హిల్‌వ్యూ అను కౌంటీ విమానాశ్రయము గలదు. దానికి అరమైలులోపల నివసించు బిడ్డల రక్తమున సీసము దూరపు బిడ్డలకంటె హెచ్చుగా నున్నదని 2021లో ఒక పరిశోధన తేల్చినది. కౌంటీవారు 2022 జనవరి 1నుండి తమ విమానాశ్రయములలో ఆ పెట్రోలు అమ్మకము నిలిపివేసిరి. ఆ పెట్రోలువలన గాలిలో చేరు సీసము ప్రజారోగ్యమునకు ప్రమాదకరమని 2023 అక్టోబరులో కేంద్ర పరిసరరక్షణశాఖ నిర్ధారించినది. 2031నుండి అమ్మకమును నిషేధించుచు కాలిఫోర్నియా 2024లో శాసనము చేసినది. అదే సంవత్సరము కాంగ్రెసు, 2022లో ఆ పెట్రోలు అమ్మిన విమానాశ్రయములు తగిన ప్రత్యామ్నాయము లభించువరకో, 2030 ముగియువరకో దానిని అందుబాటున నుంచవలెనని శాసించినది. సీసములేని ఇంధనమొకదానికి 2022లోనే అనుమతి లభించినను అది అంతటను వ్యాపింపలేదు. శక్తి చాలని ఇంధనముతో యంత్రము గాలిలో నిలిచిపోవునను చోదకుల భయము నటన గాదు. అయినను ఆ తొమ్మిదేండ్ల అవధిలో పుట్టి పెరుగు బిడ్డలు ఏ వాదమునకును కక్షిదారులు గారు.

ఇంటిముంగిట విమానము గలవాని పక్షమున ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. స్ప్రూస్ క్రీకులోనో, కామెరాన్ పార్కులోనో విమానము నడుపువాడు తన పొగను మొదట తానే పీల్చును. శాలగోడకు అవతలిగదిలో నిద్రించు బిడ్డ వానిదే. ధ్వనియు వాని చెవులకే. రీడ్ హిల్‌వ్యూలో విమానముంచుకొని, సాయంకాలము కారెక్కి కొండవాలున నున్న పచ్చని పేటకు పోవువానికంటె వీడు ఋజువర్తనుడనియే చెప్పవలెను. కాని ఋజువర్తనము విషమునకు విరుగుడు గాదు. వాని రన్వే చివర సరిహద్దు దాటిన నేల ఇతరులది.

ఈ తగవులు సన్నగిల్లు సూచనలు కానరావు. 2025 జూలైలో ఫెడరల్ విమానయానశాఖ తేలికవిమానముల నిబంధనలను సడలించినది. అదివరకు చిన్న రెండుకుర్చీల విమానములతో సరిపెట్టుకొనవలసిన తరగతి చోదకులు, వైద్యుని యోగ్యతాపత్రమునకు బదులు కారు లైసెన్సుతోనే, ఒక్కరిని వెంటనుంచుకొని, నాలుగుకుర్చీల విమానమును సైతము నడుపుటకు మార్గమేర్పడినది. వృద్ధులైన చోదకులకు ఇది వరము. ఇంటిప్రక్క శాలలలో దుమ్ము క్రమ్మియున్న విమానములు మరల లేచును. గేట్లకు అర్జీలు పెరుగును.

మన ప్రాంతమునకు ఇందు సంబంధమేమి? ఆ నౌకాదళపు క్షేత్రమును సృష్టించిన యుద్ధమే మన దొనకొండలోను, తాడేపల్లిగూడెములోను విమానక్షేత్రములను వేయించినది. అచ్చట ఆ నేలచుట్టు ఊరు వెలసినది. ఇచ్చట యుద్ధానంతరము పశువులు మేసినవి. పుట్టపర్తిలో ధార్మికసంస్థవారు తమ సొంతమున 1990లో విమానాశ్రయమునే కట్టించుకొనిరి గనుక, ప్రైవేటు రన్వే యనునది తెలుగునేలకు వినని మాట గాదు. గన్నవరము విమానాశ్రయపు విస్తరణకు రైతులు ఆరువందల ఎకరములకు పైగా అప్పగించి, బదులుగా రాజధానిలో ప్లాట్లకు ఒప్పుకొనిరి. 2019లో రాజధాని పనులు నిలిచి 2024వరకు సాగకపోవుటచే, ఆ ప్లాట్ల విలువయేమో తెలియక ఏండ్లు గడిపిరి. ఆ రన్వేక్రింది మన్ను వారిది. వారికి దానిలోనికి పెరటితలుపు లేదు. పోదలచినచో టికెట్టు కొని ముందుద్వారముననే పోవలెను.

దొనకొండ క్షేత్రమును పునరుద్ధరింపవలెనను ప్రతిపాదనలు పలుమారులు వచ్చినవి. అదియో, మరియొక పాతక్షేత్రమో తిరిగి తెరువబడి, చుట్టుప్రక్కల నేలలను గృహములకు, పరిశ్రమలకు గుత్తకిచ్చునాడు, కంచెకు మొదటి గేటు కోరి అర్జీ పెట్టువాడు తప్పక యుండును. వానికి గేటు ఇయ్యవచ్చునా, ఇచ్చినచో సాలుకు రుసుమెంత, దానిని ఎన్నియేండ్ల కొకమారు పెంచవలెను, నేల నిచ్చిన రైతునకు ఆ రుసుములో పాలెంత యను సంగతులు ఆ గుత్తదస్తావేజులలోనే వ్రాసి, అర్జీలు పుచ్చుకొనుటకు ముందే ప్రభుత్వమువారు గెజెట్టులో ప్రకటింపవలెను.